విరాళం ఆపితే వివక్ష ఆగుతుందా?



పదో తరగతి ఫలితాలు రాగానే మన తల్లిదండ్రులు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, మార్కులు సరే, అక్కడ డొనేషన్ ఎంత అడుగుతారో?" డబ్బుకీ సీటుకీ ఉన్న ఈ ముడి మన దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. అమెరికాలోని పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్లోనూ ఉంది, వేరే రూపంలో. దాన్ని విప్పమని అక్కడ చదువుకుని బయటికొచ్చిన పూర్వ విద్యార్థులే గట్టిగా అడుగుతున్నారు. మా మాట వినేదాకా విరాళం ఇవ్వం అంటున్నారు. ఈ నెల దాని గురించి రాస్తున్నాను.

ముందుగా అక్కడి పద్ధతి ఏమిటో చూద్దాం. దాని పేరు లెగసీ అడ్మిషన్. మన మాటల్లో వారసత్వ ప్రవేశం అనుకోవచ్చు. తల్లో తండ్రో అదే కాలేజీలో చదివి ఉంటే ఆ పిల్లవాడి దరఖాస్తుకు అదనపు మొగ్గు దొరుకుతుంది. ఇది 1920 ప్రాంతంలో పుట్టుకొచ్చింది. అప్పట్లో వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు పరీక్షల్లో రాణించి ఎక్కువ సంఖ్యలో చేరుతుంటే, వాళ్లను తగ్గించడానికి పెద్ద కాలేజీలు వెతికిన దారుల్లో ఇదొకటి. హార్వర్డ్ మీద నడిచిన కేసులో బయటికొచ్చిన లెక్కలు చూడండి. సుమారు ఆరేళ్ల కాలంలో మామూలు దరఖాస్తుదారుల్లో నూటికి ఆరుగురికి సీటు దొరికితే, పూర్వ విద్యార్థుల పిల్లల్లో నూటికి 33 మందికి దొరికింది.

ఈ నియమంలో జాతి పేరు గానీ రంగు పేరు గానీ ఎక్కడా ఉండదు. మరి వివక్ష ఎలా అవుతుంది? ఒకప్పుడు నల్లజాతివాళ్లను ఆ కాలేజీల గడప తొక్కనివ్వలేదు, లేదా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందినే రానిచ్చారు. తాతను బయట నిలబెట్టి, ఇవాళ మనవణ్ణి "మీ ఇంట్లో ఎవరైనా ఇక్కడ చదివారా?" అని అడిగితే అతను ఏం చెప్తాడు? పొట్ట చేతబట్టుకుని వలసపోయిన కుటుంబాల పిల్లలదీ అదే పరిస్థితి. మన తెలుగువాళ్ల పిల్లలూ అందులో ఉన్నారు. నాన్న వరంగల్లోనో గుంటూరులోనో డిగ్రీ చేసి ఉంటే, హార్వర్డ్ లెక్కలో అది వారసత్వం కాదు.

2021 సెప్టెంబరులో ఎడ్‌మొబిలైజర్ అనే సంస్థ ఆధ్వర్యంలో 30 పేరున్న విద్యాసంస్థల విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఒక ఉద్యమం మొదలుపెట్టారు. ఈ వారసత్వ పద్ధతి తీసేసేవరకు మా కాలేజీకి చందా ఇవ్వం అని మాట ఇచ్చారు. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ నియమం వల్ల రేపు లాభపడేది ఎవరు? చందా ఆపినవాళ్ల సొంత పిల్లలే. తమ పిల్లలకు దొరికే సీటును కాదనుకుని, ముక్కూమొహం తెలియని ఇంటి పిల్లవాడి కోసం మాట్లాడారన్నమాట. ఇతరుల లాభాన్ని ప్రశ్నించడం తేలికే. తన లాభాన్ని తనే ప్రశ్నించుకోవడం కష్టం.

ఫలితం వచ్చిందా? కొంత వచ్చింది. 2021 అక్టోబరులో ఆమ్‌హెర్స్ట్ కాలేజీ ఈ పద్ధతి ఎత్తేస్తున్నామని ప్రకటించింది. అక్కడ ప్రతి బ్యాచిలో సుమారు 11 శాతం మంది పూర్వ విద్యార్థుల పిల్లలే ఉండేవారు. 2023 జూన్‌లో జాతిని లెక్కలోకి తీసుకునే ప్రవేశాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వెనకబడినవాళ్లకు ఇచ్చిన ఊతం తీసేసి, ఉన్నవాళ్లకు ఇచ్చే ఊతం ఎలా ఉంచుతారని జనం అడిగారు. మరుసటి నెలలోనే వెస్లియన్ విశ్వవిద్యాలయం వారసత్వాన్ని వదిలేసింది. కాలిఫోర్నియా 2024లో ప్రైవేటు కాలేజీల్లో కూడా దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా స్టాన్‌ఫర్డ్ ఒప్పుకోలేదు. రాష్ట్రం ఇచ్చే విద్యార్థి సహాయాన్నే వదులుకుంటాం, ఆ ఖర్చు మా నిధుల్లోంచి పెట్టుకుంటాం, పాత పద్ధతి మాత్రం ఉంచుకుంటాం అంది. కాబట్టి ఇదంతా చందాలు ఆపడం వల్లే జరిగిందనడం సరికాదు. కోర్టు తీర్పు, చట్టం, పత్రికలు, పూర్వ విద్యార్థుల ఒత్తిడి అన్నీ కలిసి పనిచేశాయి. అలా కలిసినా కొన్ని తలుపులు ఇంకా తెరుచుకోలేదు.

కాలేజీల వాదన కూడా వినాలి. "పూర్వ విద్యార్థుల పిల్లలకు మొగ్గు చూపిస్తేనే వాళ్లు విరాళాలిస్తారు. ఆ డబ్బుతోనే కదా బీద పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాం" అంటారు. పైకి సబబుగానే కనిపిస్తుంది. కానీ జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం సంగతి చూడండి. ఆ పద్ధతిని 2014లోనే పెద్దగా చాటుకోకుండా ఆపేసింది. 2018లో దాని పూర్వ విద్యార్థి మైకేల్ బ్లూమ్‌బర్గ్, డబ్బు లేదన్న కారణంతో ఏ పిల్లవాడూ వెనక్కి పోకూడదని 180 కోట్ల డాలర్లు ఇచ్చారు. 2009లో అక్కడ చేరినవారిలో పూర్వ విద్యార్థుల కుటుంబాలవాళ్లు 12.5 శాతం ఉంటే, 2019 నాటికి 3.5 శాతానికి తగ్గారు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే సహాయానికి అర్హులైన విద్యార్థులు 9 శాతం నుంచి 19 శాతానికి పెరిగారు. సీటు ఆశ చూపకపోయినా ఇచ్చేవాళ్లు ఇస్తారని దీన్నిబట్టి తెలుస్తోంది.

విరాళం ఆపడం అనేది రెండు వైపులా పదునున్న కత్తి. 2023లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొందరు కోటీశ్వరులైన దాతలు, యూదు విద్యార్థుల పట్ల వివక్షను అధికారులు అడ్డుకోవడం లేదని ఆరోపిస్తూ విరాళాలు ఆపారు. ఒక డాలరు మాత్రమే పంపండని తోటివాళ్లకు పిలుపునిచ్చారు. పార్లమెంటు కమిటీ ముందు విచారణ కూడా జరిగాక, డిసెంబరులో అధ్యక్షురాలు రాజీనామా చేశారు. ఆ ఆరోపణ న్యాయమైందా కాదా అన్నది వేరే చర్చ. పెద్ద దాత గొంతు వెంటనే వినబడుతుంది. వంద డాలర్లిచ్చే మామూలు ఉద్యోగి గొంతు వినబడాలంటే మాత్రం వేలమంది కలవాలి, కారణం బాహాటంగా చెప్పాలి. చెప్పకుండా ఆపేస్తే అది నిరసన కాదు, మరచిపోయారనుకుంటారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చందా ఆగితే మొదట దెబ్బ తినేది స్కాలర్‌షిప్పు పిల్లవాడు కాకూడదు కదా. 1980లలో హార్వర్డ్ పూర్వ విద్యార్థులు దీనికొక ఉపాయం చేశారు. దక్షిణాఫ్రికాలో జాతి వివక్ష పాలన నడుస్తున్న రోజులవి. అక్కడ వ్యాపారం చేసే కంపెనీల్లో హార్వర్డ్ పెట్టుబడులున్నాయి. అప్పుడు కొందరు తమ విరాళాన్ని వేరే నిధిలో జమచేశారు. పెట్టుబడులు వెనక్కి తీసుకున్న రోజున ఈ డబ్బు మీదే అన్నారు. అంటే ఇవ్వనని మొండికేయడం కాదు, ఇవ్వడానికి సిద్ధమే, షరతు ఇదీ అని చెప్పడం. పాలక మండలికి జరిగే ఎన్నికల్లోనూ పాల్గొని, 1989లో డెస్మండ్ టుటును గెలిపించుకున్నారు.

మన ప్రాంతంలో ఇలాంటివి లేవా అంటే, డబ్బు లేనివాళ్లు తమ దగ్గరున్నది వదులుకున్న ఉదాహరణలున్నాయి. 1938లో నాందేడ్ కూడా నిజాం రాజ్యంలోదే. ఔరంగాబాద్ కాలేజీ హాస్టల్లోనూ, ఉస్మానియా హాస్టళ్లలోనూ విద్యార్థులు వందేమాతరం పాడకూడదని అధికారులు నిషేధించారు. మా ప్రార్థన మేం చేసుకుంటామని పిల్లలు పట్టుబట్టారు. వందలాదిమంది చదువు పోగొట్టుకుని బయటికొచ్చారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. అలా వెళ్లినవారిలో పి.వి. నరసింహారావు గారు ఒకరు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో దళిత పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించినప్పుడు, హిందీ కవి అశోక్ వాజ్‌పేయి ఆ విశ్వవిద్యాలయం తనకిచ్చిన డి.లిట్. పట్టాను వెనక్కిస్తున్నానని ప్రకటించారు. ఆయన మన వర్ధాలోని హిందీ విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్. ఒకరు సీటు వదులుకున్నారు, ఇంకొకరు గౌరవం వదులుకున్నారు.

ఇక మన సంగతి. సీటుకు డబ్బు పుచ్చుకోవడాన్ని ఆంధ్రప్రదేశ్ 1983 చట్టంతో, మహారాష్ట్ర 1987 చట్టంతో నిషేధించాయి. 2005లో మహారాష్ట్రకు చెందిన ఇనామ్‌దార్ కేసులో సుప్రీంకోర్టు, మైనారిటీ సంస్థ అయినా కాకపోయినా క్యాపిటేషన్ ఫీజు వసూలు చేయరాదని చెప్పింది. అదే తీర్పులో వృత్తి విద్యా కాలేజీల్లో ఎన్నారై సీట్లు 15 శాతం దాకా ఉండొచ్చని ఒప్పుకుంది. ఆ డబ్బును బీద విద్యార్థులకు వాడాలని కూడా చెప్పింది. అంటే డబ్బుకు ఒక కిటికీ ఇక్కడా తెరిచే ఉంది. ఆ డబ్బు బీద పిల్లలకు చేరుతోందా అని అడగాల్సింది ఆ కాలేజీల్లో చదివి బయటికొచ్చినవాళ్లే.

భాషా మైనారిటీ బడులకు రాజ్యాంగం 30వ అధికరణం హక్కులిచ్చింది, సంఖ్యలో తక్కువ ఉన్నవాళ్లకు అన్యాయం జరగకూడదని. ఆ హక్కుతో నడిచే మన బడిలో ఇంకొకరికి అన్యాయం జరగనివ్వకూడదు. మన పూర్వ విద్యార్థులు బెంచీలకో పుస్తకాలకో చందా ఇస్తే సంతోషంగా తీసుకుంటాం, రసీదు ఇస్తాం. దాంతో వాళ్ల పిల్లల పేరు అడ్మిషన్ జాబితాలో ఒక్క వరస కూడా పైకి జరగదు. జరిగినట్టు ఎవరికైనా అనుమానం వస్తే చందా ఆపండి. అయితే ఎందుకు ఆపారో ఒక కాగితం మీద రాసి ఆఫీసులో ఇవ్వండి.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక ప్రశ్న: చదువు చెప్పిన సంస్థకు విరాళం ఆపడం కృతజ్ఞత లేకపోవడమా, లేక అది కూడా కృతజ్ఞతేనా? మీకు తోచింది ఒక పేజీలో రాసి మీ తెలుగు టీచరుకు ఇవ్వండి. ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడి రాస్తే ఇంకా మంచిది.