చూడని ఆట

సూరత్‌లోని లింబాయత్ వంటి పేటలలో తెలంగాణ నుండి వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు అనేకం. మరమగ్గాల రొదలో మాట వినబడదు. తండ్రీకొడుకులైనా చేతి సైగలతోనే సంభాషించుకోవాలి. అట్టి కార్ఖానాలో పనిచేసే ఒక తండ్రి, కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడల్లా కుమారునికి చెప్పిన కథ ఒక్కటే.

1983 జూన్ 18. ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జి వెల్స్ మైదానం. జింబాబ్వేపై భారత జట్టు 17 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుంది. నిలిచినవాడు కపిల్‌దేవ్. 175 పరుగులు చేసి, చివరివరకు అజేయుడుగానే ఉన్నాడు. తొమ్మిదవ వికెట్టుకు కిర్మాణీతో కలసి 126. గెలుపు 31 పరుగుల తేడాతో. వారం తిరిగేసరికి ప్రపంచ కప్పే చేతికి వచ్చింది.

తండ్రి ఈ కథలో ఎన్నడూ ‘అట’ అనలేదు. కొట్టాడు, నిలిచాడు, గెలిచాడు—అంతా కన్నులారా చూచినట్లే.

కుమారుడు పెద్దవాడై ఆ ఆటను ఫోనులో చూడగోరి ఎంత వెదకినా బొమ్మ దొరకలేదు. ఆనాటి ఆటను బి.బి.సి. చిత్రీకరించనే లేదు. (సమ్మె కారణమని కొందరందురు, కాదని కొందరందురు, ఆ తగవు ఇక్కడ అనవసరం.)

“బాపూ, నువ్వు చూడనే లేదా?”

తండ్రి నవ్వాడు. “ఎట్ల చూస్త బిడ్డా? మీ తాత పేపరు చదివి చెప్పిండు. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు.”

కుమారుడు తాతను ఎరుగడు. ఆయన ఫోటో ఒక్కటైనా ఇంట లేదు. ఎట్లా ఉండేవాడని అడిగితే తండ్రికి అంతగా చెప్పరాదు. కాని ‘ఐదు వికెట్లు’ అన్నప్పుడు తాత అరచేయి ఎట్లా చాచేవాడో చూపగలడు.

మొన్న అతడు చెల్లెలికి ఆ కథ చెప్పాడు. అతడూ ‘అట’ అనలేదు. ఐదు వికెట్ల వద్ద అరచేయి చాచాడు.