దిగే రేవు కాదు, గట్టెక్కే రేవు ముఖ్యం

కేరళలోని కోళిక్కోడ్ జిల్లాలో, పశ్చిమ కనుమల నుండి నిట్టనిలువుగా దూకి వచ్చే కొండయేళ్ళు చాలిప్పుళ, ఇరువంజిప్పుళ. 2013లో మొదలైన మలబార్ నదీ ఉత్సవంలో, ఉద్ధృతమైన వర్షాకాలపు నీటిలో విదేశీయులు సైతం వచ్చి కయాకింగ్ పోటీలలో పాల్గొంటారు. అదే ఇరువంజిప్పుళపై ఉన్న అరిప్పార జలపాతం వద్ద స్నానానికి దిగిన యువకులు ఎందరో మరణించారు. ఏరు ఒకటే. ఒకరికి క్రీడ, మరొకరికి మృత్యువు. ఎందువలన?

పడవవాడు నీటిలో దిగకముందే ఎక్కడ గట్టెక్కాలో నిర్ణయించుకుంటాడు. జలపాతానికి ఎగువనే ఆ రేవును గుర్తిస్తాడు. తలకు హెల్మెట్, ఒంటికి లైఫ్ జాకెట్ ధరిస్తాడు. దిగువన ఒడ్డుపై తాడు పట్టుకొని ఒక మనిషి నిలిచి ఉంటాడు. స్నానానికి దిగినవానికి ఇవేవీ లేవు.

ఇట్టి ప్రమాదం జరిగిన ప్రతిసారీ వినవచ్చే మాట ఒక్కటే: "మూసివేయండి." నేను దీనిని అంగీకరించను. మెట్లున్న రేవును మూసివేస్తే జనం రావడం మానరు. పాచి పట్టిన బండల మీదుగా మరొక దారి వెతుక్కుంటారు. ఏజెన్సీలో పనిచేసిన రోజులలో ఒక యువకుని మా ఆరోగ్య కేంద్రానికి మోసుకొచ్చారు. అతడు ఈదుతూ మునగలేదు. ఒడ్డు దిగుతూ జారిపడ్డాడు. బయటకు తీసినవారు పొట్ట నొక్కి, కాళ్ళు పట్టి తిప్పి, అమూల్యమైన నిమిషాలను వ్యర్థం చేశారు. నేను చేయగలిగినది మరణ ధ్రువీకరణ మాత్రమే.

"రేవు కడితే మృత్యువును ఆహ్వానించినట్లే" అనేవారు ఉన్నారు. రేవంటే మెట్లు మాత్రమే కాదు. నీటిమట్టం చూపే కొలబద్ద, ఆ గీత దాటితే ఆపే అధికారం గల కాపలాదారు, విసిరే తాడు, దిగువన గట్టెక్కే చోటు: ఇవన్నీ కలిస్తేనే రేవు. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువన వాన కురిస్తే ఏరు క్షణాలలో పొంగుతుంది. హెచ్చరిక బోర్డుకు ఆ సంగతి తెలియదు, మనిషికే తెలుస్తుంది. ఉత్సవ దినాలలో కాపలా పెట్టి, తరువాత ఒడ్డును వదిలివేయడం "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య" అన్న చందమే. మన చాపరాయి, కొత్తపల్లి జలపాతాల వద్దనూ ఏడాది పొడవునా ఈ ఏర్పాట్లు ఉండాలి.

పాఠక మిత్రులారా, మూడు విషయాలు మరువకండి. ప్రవాహం లాగుకుపోతే నిలబడే యత్నం చేయవద్దు; పాదం రాళ్ళ నడుమ చిక్కుతుంది. వెల్లకిల తేలుతూ కాళ్ళు పైకెత్తి దిగువకు చాపండి. మునిగినవానిని రక్షించడానికి వట్టి చేతులతో దూకకండి. తాడో, కర్రో అందించండి. బయటకు తీశాక శ్వాస లేకుంటే పొట్ట నొక్కకండి. ముందు నోటితో శ్వాస అందించి, ఆపై 30 ఛాతీ నొక్కులకు 2 శ్వాసల చొప్పున కొనసాగించండి. ఒకరు ఇది చేస్తుండగా మరొకరు 108కి ఫోన్ చేయాలి.

ఏటిని నిందించి లాభం లేదు. గట్టెక్కే దారి చూపని మనమే దోషులం.