తడిసిన పుస్తకాలకు చలి వైద్యం

వానాకాలంలో కిటికీ పక్కన మర్చిపోయిన పుస్తకం తడిస్తే ఏం చేస్తాం? పేజీలు ఒక్కొక్కటే విడదీసి ఫ్యాను కింద పెడతాం. ఎండ వస్తే డాబా మీద ఆరబెడతాం. ఎంత చేసినా ఆరాక అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. అట్ట ఇక సరిగ్గా మూతపడదు. ఒక్క పుస్తకానికే ఇంత తంటా! అలాంటిది ఒక్క రాత్రిలో దాదాపు ఐదు లక్షల పుస్తకాలు మునిగిపోతే?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల పాదాల దగ్గర ఫోర్ట్ కాలిన్స్ అనే ఊరుంది. అక్కడ ఏడాది మొత్తమ్మీద పడే వర్షం పదిహేను అంగుళాలకు అటూఇటూ. మన అనంతపురంలో పడేదానికన్నా తక్కువే. అలాంటి ఊళ్లో 1997 జులై 27, 28 తేదీల్లో కుండపోతగా కురిసింది. ఊరికి నైరుతి వైపున 31 గంటల్లో పద్నాలుగున్నర అంగుళాలు నమోదైంది. అంటే, ఏడాది వాన ఒకటిన్నర రోజులో పడిందన్నమాట. మామూలు రోజుల్లో పిల్లలు దాటేసే స్ప్రింగ్ క్రీక్ అనే చిన్న వాగు పొంగి ఐదుగురి ప్రాణాలు తీసింది.

అదే రాత్రి ఆ ఊళ్లోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ మీదికీ నీళ్లు వచ్చిపడ్డాయి. అక్కడి మోర్గాన్ లైబ్రరీలో అప్పటికి విస్తరణ పనులు దాదాపు పూర్తి కావొచ్చాయి. నేలమాళిగ నిండా పుస్తకాలే... ఎక్కువగా ఏళ్ల తరబడి సేకరించి బైండు చేయించిన పరిశోధన పత్రికలు. నీటి ఒత్తిడికి నేలమాళిగ గోడ బద్దలైంది. అంతే! నిమిషాల్లో నీళ్లు లోపలికి దూకాయి. బీరువాలు ఒకదానిమీద ఒకటి ఒరిగాయి. నీళ్లు పీల్చి ఉబ్బిన పుస్తకాలు అరల్లోంచి బయటికి తన్నుకొచ్చాయి. యూనివర్సిటీ పుస్తకాల దుకాణం కూడా మునిగింది. వచ్చే సెమిస్టరు కోసం తెప్పించిన పాఠ్యపుస్తకాలూ పోయాయి. క్యాంపస్ మొత్తానికి జరిగిన నష్టం పది కోట్ల డాలర్ల పైమాటే.

లైబ్రరీకి కొత్త డీన్‌గా కమీలా అలైర్ వచ్చి అప్పటికి కొద్దిరోజులే అయింది. సిబ్బంది అందరి పేర్లూ ఇంకా నోటికి వచ్చి ఉండవు. ఇల్లు సర్దుకునేలోపే ఇల్లు మునిగినట్టయింది ఆమె పని!

లైబ్రరీలో పనిచేసేవాళ్లకు పుస్తకాలంటే సరుకు కాదు. ఫలానా పత్రికలో ఫలానా సంచిక దొరక్క ఎన్నిచోట్లకు ఉత్తరాలు రాశారో, చివరికి ఎలా సంపాదించారో వాళ్లకే తెలుసు. అవన్నీ బురదలో ముద్దలుగా పడి ఉంటే చూడటం తేలిక కాదు. అయితే ఏడుస్తూ కూర్చునే వ్యవధి కూడా ఉండదు. ఎందుకంటే తడిసిన కాగితానికి వరద కన్నా పెద్ద శత్రువు బూజు. వేసవి ఉక్కలో రెండుమూడు రోజులు చాలు... పేజీల మధ్య బూజు మొదలైపోతుంది. నున్నటి కాగితం మీద అచ్చేసిన పుస్తకాలతో మరో చిక్కు. ఒకసారి తడిసి, అలాగే ఆరిపోతే పేజీలన్నీ అతుక్కుని ఇటుకరాయిలా తయారవుతాయి.

మరి లక్షల పుస్తకాల్ని రెండుమూడు రోజుల్లో ఆరబెట్టడం ఎవరి తరం? అందుకే వాటిని ఆరబెట్టరు. గడ్డకట్టిస్తారు! కోల్డ్ స్టోరేజీలో చేపల్లాగా. తడి పుస్తకాన్ని పెట్టెలో పెట్టి ఫ్రీజర్‌లోకి తోసేస్తే బూజు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. తీరిగ్గా ఆలోచించుకోవడానికి సమయం చిక్కుతుంది. తర్వాత ఆ పుస్తకాల్ని గాలి తీసేసిన పెద్ద గదిలో పెడితే, మంచు నీరుగా మారకుండానే నేరుగా ఆవిరైపోతుంది. మళ్లీ తడవదు కాబట్టి సిరా పాకదు, పేజీలు అతుక్కోవు. ఇన్‌స్టంట్ కాఫీ పొడి తయారీలో వాడే పద్ధతి కూడా ఇదే.

1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్‌లోని జాతీయ గ్రంథాలయం మునిగినప్పుడు ఈ పద్ధతి ఇంకా వాడుకలోకి రాలేదు. అప్పుడు దేశదేశాల నుంచి వెళ్లిన కుర్రకారు వరుసగా నిలబడి, బురదలోంచి పుస్తకాల్ని చేతులు మార్చుకుంటూ పైకి చేర్చారు. 'బురద దేవదూతలు' అని వాళ్లకు పేరు. ఆ పుస్తకాల్ని పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో కూడా ఆరబెట్టారు. మన ప్రకాశం జిల్లా రైతులకు ఆ బ్యారన్ల సంగతి వేరే చెప్పాలా! పాపం, వాటి బాగుచేత దశాబ్దాలపాటు సాగుతూనే ఉంది.

ఫోర్ట్ కాలిన్స్ వాళ్లకు ఆ అనుభవం పనికొచ్చింది. పుస్తకాల్ని బయటికి తీసి, పెట్టెల్లో సర్ది, గడ్డకట్టించి, ఆరబెట్టడానికి టెక్సాస్ పంపారు. ఆ బరువైన పనిని వృత్తి సంస్థలు చేశాయి. అసలు కష్టం మాత్రం సిబ్బందికి తర్వాత మొదలైంది.

ఆరిన పుస్తకాలు పెట్టెలు పెట్టెలుగా తిరిగొస్తుంటాయి. ఒక్కొక్కటి తెరిచి చూడాలి. ఇది ఏ సంపుటం? చదవడానికి పనికొస్తుందా? కొత్త బైండింగు చాలా? పేజీలు పోయాయా? పారెయ్యాలా? లెక్కల్లో ఏమని రాయాలి? మరోవైపు సంగతి తెలిసిన లైబ్రరీలు, ప్రొఫెసర్లు తమ దగ్గరున్న పాత పత్రికల్ని విరాళంగా పంపుతున్నారు. వచ్చిన ప్రతి సంచికా పోయినవాటి జాబితాలో ఉందో లేదో సరిచూడాలి. పుస్తకాలు కొనడం, జాబితాలు రాయడం, పాఠకులకు అందించడం... ఎవరి పని వాళ్లు చేసుకుపోయే ఉద్యోగులు తెల్లారేసరికి ఉమ్మడి కుటుంబంలో పెళ్లిపనుల్లోకి దిగినట్టు, ఏ పని ముందుంటే అది అందుకోవాల్సి వచ్చింది. పారెయ్యాలని నిర్ణయించడం వాటన్నిట్లోకీ చేదు పని. ఏళ్ల తరబడి 'జాగ్రత్త చేయి' అని నేర్చుకున్న చేతులతోనే చెత్తబుట్టలో వెయ్యాలి మరి.

ఇంతలో ఆగస్టు. క్లాసులు వాయిదా వెయ్యకుండా అనుకున్న సమయానికే మొదలుపెట్టింది యూనివర్సిటీ. పత్రికలు ఏమో టెక్సాస్‌లో! పీహెచ్‌డీ విద్యార్థి వచ్చి 'ఫలానా వ్యాసం కావాలి' అంటే ఏం చెప్పాలి? వేరే లైబ్రరీల నుంచి తెప్పించే పద్ధతి అప్పటికే ఉన్నా, అది తాపీగా సాగే వ్యవహారం. అడగాలి, వాళ్లు వెతకాలి, పంపాలి. రోజులూ వారాలూ పడుతుంది. రోజుకు నాలుగు వ్యాసాలైతే సరే, లైబ్రరీలో సగం అరలు ఖాళీ అయినప్పుడు?

ఆ విభాగంలో పనిచేసేవాళ్లే కూర్చుని దారి వెతికారు. కొన్ని లైబ్రరీలతో ఒప్పందం కుదుర్చుకున్నారు. ఎవరి దగ్గర ఏ పత్రిక, ఏ సంవత్సరం సంచికలున్నాయో ముందే కంప్యూటర్లోకి ఎక్కిస్తే, వెతుకులాట ఉండదు. విద్యార్థి అడిగింది నేరుగా ఆ వ్యాసం ఉన్న చోటికే వెళ్తుంది. వాళ్లు స్కాన్ చేసి 24 గంటల్లో పంపాలి... అదీ లక్ష్యం. దానికి 'ర్యాపిడ్' అని పేరు పెట్టారు. బయటినుంచి ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చి చేసిపెట్టలేదు. అవసరం నెత్తిమీదున్న లైబ్రరీ ఉద్యోగులే తయారుచేసుకున్నారు.

జరిగిందంతా వాళ్లే పుస్తకంగానూ రాశారు. ఒక్కో అధ్యాయం ఆ పని చూసినవాళ్ల చేత రాయించి, అలైర్ సంపాదకత్వంలో 2000లో వేశారు. విపత్తు వస్తే లైబ్రరీలు ఏం చెయ్యాలో చెప్పే కరదీపిక అది. అలైర్ తర్వాత 2009లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌కు అధ్యక్షురాలయ్యారు.

ఆ పుస్తకం వచ్చిన నాలుగేళ్లకు, 2004 అక్టోబరు 30న హవాయి యూనివర్సిటీ హామిల్టన్ లైబ్రరీకి అదే గతి పట్టింది. మనోవా వాగు పొంగి కింది అంతస్తులోకి వచ్చింది. ఆ సమయంలో అక్కడ లైబ్రరీ సైన్సు క్లాసు జరుగుతోంది. లోపల చిక్కుకున్నవాళ్లు కిటికీ అద్దం పగలగొట్టుకుని బయటపడ్డారు. మునిగిన మ్యాపుల్ని అక్కడా ముందు గడ్డకట్టించారు.

'ర్యాపిడ్' మాత్రం వరదతో ఆగలేదు. నీళ్లు తీసి, పుస్తకాలు తిరిగొచ్చాక కూడా కొనసాగింది. అమెరికా దాటి వందల లైబ్రరీలు అందులో చేరాయి. 2019లో ఓ సాఫ్ట్‌వేర్ సంస్థ దాన్ని కొనుక్కుంది. మన పిల్లలు అక్కడ ఎమ్మెస్‌లూ పీహెచ్‌డీలూ చేస్తున్నారుగా... రాత్రి పదింటికి లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఏదో పాత వ్యాసం కావాలని నొక్కి పడుకుంటే, మర్నాటికల్లా మెయిల్లో వచ్చి ఉండొచ్చు. ఇంత తొందరగా ఎలా పంపారబ్బా అని వాళ్లు అడిగితే చెప్పండి, 1997లో ఓ లైబ్రరీ గోడ కూలిన సంగతి.