ఇల్లు, స్థలం: నిర్మాణానుభవం ఎంతవరకు?

పదవీ విరమణ ధనాన్ని ఇంటిపై పెట్టేముందు తెలిసినవారి సలహా తీసుకొనవలెనని మేము ఇదివరలో ఈ శీర్షికలో వ్రాశాము. సివిల్ విభాగంలో పనిచేసి విరమించిన మిత్రులొకరికి ఆ మాట నచ్చలేదు. "ముప్పయి ఏళ్లు కట్టడాలే కట్టించాను. ఇల్లు కొనడానికి నాకొకరి సలహా కావాలా?" అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. కొన్నాళ్లకు తాము చూచిన ఇంటికి మమ్ములను తోడు రమ్మన్నారు.

ఆ ఇల్లు సూరత్ నగరపు దక్షిణపు అంచున, బమ్రోలీకి చేరువలో ఉన్న వడోద్‌లో ఉన్నది. మరమగ్గాల పనికై వరంగల్లు, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుండి వచ్చి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అద్దెకు మనవారే దొరుకుతారని ఆయన ఆశ. వరుస ఇళ్లలో ఒకదానికి అప్పటికే 50 వేల రూపాయలు బయానా ఇచ్చివున్నారు.

ఆయన ఇల్లు చూచిన తీరు నిజంగా చూడదగినది. దారానికి గుండు వ్రేలాడదీసి స్తంభాల నిలువు పరీక్షించారు. మిగిలిన ఇసుకను అరచేతిలో నలిపి మట్టిపాలు చూచారు. ప్రక్క ఇంటి కిటికీ మూలల నుండి ఏటవాలుగా పాకిన పగుళ్లను చూపి, "ఇది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది. పునాది పైపైన వేస్తే ఇంతే" అన్నారు. తాము కొనదలచిన ఇంటికి అడుగున ఉబ్బెత్తు గల పైళ్లు వేశారని మేస్త్రీ నోట రాబట్టారు. 2001 భూకంపంలో అహమ్మదాబాదులో బలహీనమైన క్రింది అంతస్తులు గల భవనాలు కూలిన సంగతి మాకు వివరించారు. ఇవేవీ మా కంటికి ఆనేవి కావు.

అయితే ఆ గట్టి కట్టడమే ఆయనను కొంత మోసగించిందని మాకు తోచింది. మంచి ఇనుము వేసినందుకు అద్దెదారు నెలకు పది రూపాయలు ఎక్కువ ఇవ్వడు; మిల్లు ఎంత దూరం, నీరు ఎన్ని గంటలు అనియే అడుగుతాడు. 20 లక్షల ఇంటికి నెలకు 5 వేల అద్దె వస్తే సాలుకు నూటికి మూడే. పన్ను, మరమ్మతు పోగా మిగిలేది బ్యాంకు వడ్డీకి సాటి రాదు. మిగతా లాభం స్థలం ధర పెరిగితేనే రావాలి. కట్టడం ఏటికేడు పాతబడేదే కదా.

ఆ స్థలం కాగితాల మాట అడిగితే ఆయన వద్ద నోటరీ చేసిన ఒప్పందం ఒక్కటే ఉన్నది. వ్యవసాయేతర అనుమతి ఉత్తర్వు ఏది? సాత్-బారా పత్రంలో పేరెవరిది? 1976 నాటి గుజరాత్ పట్టణ ప్రణాళికా చట్టం క్రింద టౌన్ ప్లానింగ్ స్కీము వస్తే, భూములన్నింటినీ కలిపి, రోడ్లకు, తోటలకు, ఇతర అవసరాలకు నూటికి 40 పాళ్ల వరకు తీసి, మిగిలినదానిని ఫైనల్ ప్లాటుగా తిరిగి ఇస్తారు. అది పాత సర్వే నంబరు ఉన్నచోటనే ఉండవలెనన్న నియమం లేదు. గోడ ఎంత నిలువుగా ఉన్నా రోడ్డు గీత దానిమీదుగా పోవచ్చును.

2016 నాటి రెరా చట్టం ఉన్నదని ఆయన ధైర్యం. నిర్మాణ లోపాలకు ఐదేళ్ల బాధ్యత అందులో ఉన్నమాట నిజమే. కాని 500 చదరపు మీటర్లు మించని స్థలానికి, లేదా 8 ఇళ్లు మించని ప్రాజెక్టుకు ఆ చట్టంలో నమోదు అక్కరలేదు. ఆ వరుసలో ఇళ్లు ఆరే!

మిత్రులు నొచ్చుకున్నారు గాని, మర్నాడే వకీలును పెట్టి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో వెదికించారు. ఆ భూమి ఇంకా వ్యవసాయ భూమిగానే ఉన్నదని, అన్నదమ్ములు నలుగురిలో ఇద్దరే సంతకం చేశారని తేలింది. అమ్మినవారు బయానాలో సగం తిరిగి ఇచ్చారు. మిగిలిన 25 వేల కోసం ఆయన నెలకొకసారి వడోద్ వెళ్లి వస్తున్నారు.