ఆకు చూడండి, మట్టి చూడండి, ఆపైనే డ్రమ్ము కలపండి!

శ్రీకూర్మం, చుట్టుపక్కల గ్రామాల రైతులకు, కౌలుదారులకు, మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు విజ్ఞప్తి

ఉబాలు అయిన మూడు వారాలకు మడి పసుపు తిరిగితే మనం యూరియా బస్తా కోసం పరుగెడతాం. ముందు ఒక దుబ్బు పీకి చూడండి. కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలలేదు. ముదురాకుల కొనలు, అంచులు మాడితే పొటాష్ లోపం. మెట్ట నారుమడిలో లేతాకులు తెల్లబారితే ఇనుము లోపం. ఆకుల మీద తుప్పు మచ్చలొచ్చి మొక్క గిడసబారితే జింక్ లోపం. నాలుగు లోపాలకూ యూరియానే మందు కాదు. అది మితిమీరితే దోమపోటు, అగ్గితెగులు కూడా తోడవుతాయి.

రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి సేద్యం నేర్పుతోంది. పేడ, మూత్రంతో చేసే జీవామృతం మనకు కొత్త కాదు. అయితే అన్ని లోపాలకూ ఆ ఒక్కదాన్నే పోస్తున్నాం. పశువుల్లేని కౌలు రైతుకు అదీ దక్కడం లేదు.

అందుకే లోపాన్ని బట్టి కలుపుకునే గత్తం కషాయం ఇలా తయారు చేయండి: బాగా మాగిన గత్తం 20 కిలోలు గోనెసంచిలో కట్టి, 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములో నీడన వేలాడదీయండి. మూడుపూటలా కర్రతో కలపండి. రెండు రోజులకు మట్టి వాసన రావాలి. కుళ్లు కంపు కొడితే తిరిగి కుప్పలోనే పోయండి. నత్రజని కోసం జీలుగ, గిరిపుష్పం లేతాకు కలపండి. పొటాష్ కోసం అరటి బోదె ముక్కలు వేయండి. కళింగపట్నం తీరంలో పారేసే చేపల వ్యర్థాలకు సమంగా బెల్లం కలిపి మాగబెడితే అదీ నత్రజనే. వడకట్టి సాయంత్రం పిచికారీ చేయండి. పచ్చిగా తినే ఆకుకూరల మీద కొట్టొద్దు.

ఒక మాట దాచం: మట్టిలో లేని జింకును ఏ కషాయమూ పుట్టించదు. మట్టి పరీక్షలో లోటు తేలితే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, వారం లోపు తేడాతో రెండు మూడుసార్లు కొట్టాల్సిందే.

మన కోర్కెలు:

1. దుక్కికి ముందే రైతు సేవా కేంద్రం ద్వారా ప్రతి కమతం మట్టికీ జింక్, ఇనుము, బోరాన్‌తో సహా పరీక్ష జరగాలి. ఫలితం కౌలుదారు చేతికీ అందాలి.

2. పంచాయతీ ఒక నీడపట్టున డ్రమ్ములు పెట్టించి మహిళా సంఘానికి అప్పగించాలి. కషాయం ధర గ్రామసభలో తేల్చాలి.

3. ఏ లోపానికి, ఏ రోజు కలిపారో ప్రతి డ్రమ్ము మీదా రాయాలి.

4. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైర వ్యవసాయ కళాశాల మన పొలంలోనే పరీక్ష పెట్టాలి. ఒకే మడిలో సగానికి కషాయం కొట్టి, సగం వదిలేసి, కోతనాడు రెండు సగాల ధాన్యాన్నీ అందరి ముందూ తూచాలి.

వచ్చే గ్రామసభకు కదిలి రండి. పసుపు తిరిగిన దుబ్బొకటి వేళ్లతో సహా తెండి. తీర్మానం రాయించే దాకా లేవకండి!

ఇట్లు,
మీ తోటి రైతులు