బ్యాంకాక్‌లోనూ సాంబారేనా?

ఆదివారం మీటింగులో బ్యాంకాక్ టూరు విషయం తేలకుండానే కాఫీ తాగి లేచిపోయాం. ఐదు రోజులూ రెండు పూటలా ఇండియన్ బఫే ఉన్న ప్యాకేజీయే కావాలని ఎక్కువమంది అన్నారు. మేము వద్దన్నాం. ఎందుకో అక్కడ చెప్పే సందు దొరకలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాం.

పోయినసారి వెళ్ళిన పదకొండుమందిలో మేమూ ఉన్నాం. మొదటి రెండు రోజులు ఏజెంటు చూపించిన బఫేలోనే తిన్నాం. తలకు 350 బాత్. పప్పు నీళ్ళ నీళ్ళగా, సాంబారు తియ్యగా, వేపుడు చల్లారిపోయి. మన ఊళ్ళో మెస్సు సాపాటు దానికి వెయ్యి రెట్లు నయం. మూడోరోజు బస్సు రావడం లేటయింది. ఆకలికి ఆగలేక హోటలు వెనక సందులోకి నడిచాం. ఒక చిన్న అంగడి ముందు పసుపు జెండా, దాని మీద ఎర్ర అక్షరం కనబడింది.

ఆ అక్షరాన్ని ‘జే’ అని చదువుతారు. అక్కడ స్థిరపడ్డ చైనావాళ్ళ ఆచారం అది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు! మన ఇళ్ళలో మడి కట్టుకునే పెద్దమ్మలు కూడా ఇంతకంటే ఏం అడుగుతారు? ఏటా తొమ్మిది రోజులు ఊరంతా ఈ జెండాలే కడతారు. చాలా ఏళ్ళు అది మన నవరాత్రులకు అటూ ఇటూగానే వస్తుంది.

లోపల ట్రేలలో కూరలు పెట్టి ఉన్నాయి. భాష అక్కర్లేదు, వేలుతో చూపిస్తే చాలు. అన్నం మీద రెండు కూరలు వేసి 50 బాత్ తీసుకున్నారు. తూటికూర వేపుడు, మన చెరువుగట్టున దొరికేదే. ఇంకొకటి కొబ్బరిపాలతో పచ్చిమిరప కూర. నోట్లో పెట్టుకోగానే మా ఆవిడ “ఇదేమిటి, దగ్గు కషాయం వాసన!” అంది. నిజమే. మనం దగ్గొస్తే నమిలే దుంపరాష్ట్రం, తమిళంలో సిత్తరత్తై అంటామే, దాని జాతి దుంపనే వాళ్ళు కూరలో వేస్తారు. నిమ్మగడ్డి కూడా. చోప్‌స్టిక్స్ భయం ఎవరికీ వద్దు. అన్నం స్పూనుతోనే తింటారు, ఫోర్కు తోయడానికి. అంగడి ఆవిడను అందరూ ‘పీ’ అని పిలుస్తున్నారు, మనం అక్కా, అన్నా అన్నట్టు. మేమూ అలాగే పిలిచాం. నవ్వి ఇంకో గరిటె అన్నం వేసింది.

దాచకుండా చెప్పాలి, ఒక పొరపాటు కూడా జరిగింది. నాలుగోరోజు వేరే బండి దగ్గర పచ్చి బొప్పాయి సలాడు, సోమ్‌తమ్ అంటారు, కొన్నాం. మట్టిరోట్లో చెక్క రోకలితో దంచి ఇస్తుంటే మన రోటిపచ్చడి గుర్తొచ్చి అందరికీ నోరూరింది. దాంట్లో చేపరసం, ఎండురొయ్యలు ఉంటాయని తిన్నాక తెలిసింది. మాలో శాకాహారి అయిన ఒక వదినగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తప్పు బండివాడిది కాదు, ‘జే’ అని అడగని మాది. అక్కడ శాకాహారంలా కనబడే వాటిలో కూడా చేపరసం పడుతుంది. జెండా చూసుకోవాలి, ఆ ఒక్క మాట అడగాలి. ఎండురొయ్యల వంకాయకూర తిని పెరిగిన మిగతా వాళ్ళం మాత్రం రెండో ప్లేటు కూడా తిన్నాం, ఆమెకు కనబడకుండా. ఇంకో సంగతి: వాళ్ళు తులసి ఆకు వేసి మాంసం వేపుతారు. చూసి మేము కూడా కాసేపు మాట్లాడలేదు. అది వాళ్ళ వంట. మనల్ని తినమని ఎవరూ అనలేదు.

ఇప్పుడు లెక్క. పూటకు 350కి బదులు 60 అనుకుంటే, పది పూటలకు 2,900 బాత్ మిగులుతుంది. బాత్ రెండున్నర రూపాయలనుకున్నా తలకు 7,000 దాటుతుంది. పోయినసారి మూడు కుటుంబాలు పేరిచ్చి కూడా డబ్బు చాలక వెనక్కి తగ్గాయి. ఇద్దరికి పద్నాలుగు వేలు అంటే ఫ్యామిలీ పెన్షనులో బతికే ఇంటికి ఎంతో మనకు తెలుసు. నీళ్ళ పప్పు కోసం మనవాళ్ళనే వదిలిపెట్టి వెళ్ళామన్నమాట.

ఆచారం చెడుతుందని ఒక పెద్దాయన అన్నారు. ఆయన మీద మాకు గౌరవం ఉంది. కానీ బఫే వంటింట్లో ఏ గరిటె ఎందులో పెట్టారో ఆయన చూశారా? మేమూ చూడలేదు. వందల ఏళ్ళుగా తమిళదేశంలో ఉంటూ కూటు, పొరియల్ మన విస్తట్లోకి తెచ్చుకున్నాం, ఇంట్లో తెలుగు పోలేదు. ఐదు రోజుల తూటికూరతో ఏం పోతుంది?

మా మాట ఇది. ప్యాకేజీలో టిఫిను మాత్రం ఉంచి, రెండు పూటల భోజనం తీసేయమని ఏజెంటును అడుగుదాం. బఫే కావలసినవాళ్ళు అక్కడే డబ్బు కట్టి తినవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. జే అక్షరం పెద్దగా రాసిన కార్డులు మనిషికొకటి మేమే చేసి ఇస్తాం. వెనక్కి తగ్గిన మూడు ఇళ్ళకూ ముందు ఫోను చేసి, తర్వాత అడ్వాన్సు కడదాం. వచ్చే ఆదివారంలోగా మీ మాట చెప్పండి.