కథ పుట్టేది ఇక్కడ, పెరిగేది ఎక్కడ?

రాయలసీమలో కరువుంది కాబట్టే ఇక్కడ మంచి కథలు వచ్చాయని కొందరు మేధావులు సభల్లో అంటుంటారు. మనవాళ్లు చప్పట్లు కూడా కొడతారు. వినడానికి పొగడ్తలా ఉండే ఈ మాట మనల్ని ఉన్నచోటే ఉంచే మాట. కరువే కవులను పుట్టించేదైతే ఆదోని, ఆలూరు, మంత్రాలయం పల్లెల్లో ఇంటికొక మహాకవి ఉండాలి. ఉన్నారా? సుగ్గికి పోయే తల్లిదండ్రుల వెంట గుంటూరు మిరప చేలకు పోయిన పిల్లవాడు పలక మరిచిపోతాడు. వాడి గుండెలో ఎన్ని కథలున్నా అవి కాగితం మీదికి రావు.

కరువు రచయితకు వస్తువును ఇస్తుంది. రచయితను ఇవ్వదు. రచయితనైనా, నటుడినైనా, చిత్రకారుడినైనా తయారు చేసేవి వేరే ఉన్నాయి. కడుపునిండా కూడు, కాస్త తీరిక, చేతికందే పుస్తకం, తప్పు చెప్పే గురువు, అచ్చువేసే పత్రిక, ఆడటానికి ఒక వేదిక. ఇవి ఉన్నచోట సృజన పెరుగుతుంది. లేనిచోట మొలకలోనే ఎండిపోతుంది. సీమ చరిత్ర దీనికి సాక్ష్యం.

పదహారో శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాసి నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. అంత కొత్త కల్పనను మెచ్చుకునే ప్రభువు, అర్థం చేసుకునే సభ అప్పుడు నంద్యాలలో ఉన్నాయి. తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య పాటలు ఈనాటికీ మిగిలాయంటే వాటిని రాగిరేకుల మీద చెక్కించి దాచడం వల్లనే. ఆ ఖర్చు పెట్టేవాళ్లు లేకపోతే ఆ గొంతు ఆ తరంతోనే పోయేది.

ఉద్యోగ మిత్రులు బ్రౌన్ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ కంపెనీ ఉద్యోగి. 1800లో నిజాం మన జిల్లాలను దత్తత పేరుతో ధారపోసింది ఆ కంపెనీకే. దాని దోపిడీని మనం మరిచిపోలేదు. అయినా ఆ ఉద్యోగి చేసిన పనిని కాదనలేం. కడపలో బంగళా కొని, సొంత జీతంలోంచి పండితులకు, లేఖకులకు జీతాలిచ్చాడు. తాళపత్రాలు వెదికించాడు, నకళ్లు రాయించాడు, పాఠాలు సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. ఆ బంగళా శిథిలమైపోతే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టువిడవకుండా తిరిగి, ఇంటింటా పుస్తకాలు అడిగి, ఆ స్థలంలోనే బ్రౌన్ గ్రంథాలయాన్ని నిలబెట్టారు. ఒక భాష సంపదను కాపాడటానికి ఒక ఉద్యోగి జీతం, ఒక అధ్యాపకుడి పట్టుదల ఎంత పని చేశాయో చూడండి.

సురభి కథ చూడండి. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో తోలుబొమ్మలాడించే కుటుంబాలవారు మొదటిసారి మనుషులుగా వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. వనారస గోవిందరావు గారు దాన్ని సమాజంగా నిలబెట్టారు. ఆ కుటుంబాల్లో పిల్లలు తెర వెనకే పుట్టి, ఊయల వయసులోనే వేదికెక్కి, చూస్తూ చూస్తూ నటులయ్యారు. వాళ్లకు ఇంట్లోనే బడి ఉండింది. కానీ వేదిక కోసం, కూటి కోసం వాళ్లు ఊళ్లు పట్టుకొని పోవలసి వచ్చింది. ఈనాడు సురభి అంటే హైదరాబాదు గుర్తొస్తుంది. సురభి అనేది కడప జిల్లాలో ఒక ఊరని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

మొన్నమొన్నటి సంగతి తీసుకుందాం. పుట్టపర్తి నారాయణాచార్యుల వారు చిన్నతనంలో రాసిన 'పెనుగొండ లక్ష్మి'ని తర్వాత తన విద్వాన్ పరీక్షకు తానే పాఠ్యంగా చదవవలసి వచ్చింది. అంతటి ప్రతిభ ప్రొద్దుటూరులో బడి పంతులుగా బతుకీడ్చింది. రాచమల్లు రామచంద్రారెడ్డి గారు 1968లో కడప నుంచి 'సంవేదన' తెచ్చారు. మొహమాటం లేకుండా మంచిని మంచి, చెడును చెడు అని చెప్పిన పత్రిక అది. అలాంటి విమర్శ ఉన్నచోటే రాసేవాడు గట్టిపడతాడు. ఆ పత్రిక ఎక్కువ కాలం నడవలేదు. కేతు విశ్వనాథరెడ్డి గారి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ కథల మట్టి కడపది. ఆయన ఉద్యోగం చాలాకాలం హైదరాబాదులో.

మన కథ మనం చెప్పుకోలేకపోతే ఏమవుతుంది? ఇతరులు చెబుతారు. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' వచ్చిన తర్వాత సీమ అంటే బాంబులు, సుమోలు, వేట కొడవళ్లు. వాటి లాభాలు నిర్మాతలకు, నిందలు మనకు. బయటి ఊళ్ల హాస్టళ్లలో చేరిన మన పిల్లలు వెటకారాలు పడాలి. బోరు ఎండి అప్పులపాలైన రైతు, బీడీలు చుట్టే తల్లి, నాపరాళ్ల గనిలో దుమ్ము మింగే కూలీ తెర మీద ఎక్కడైనా కనిపించారా? ఊరివాళ్లే పాటగట్టి బుడ్డా వెంగళరెడ్డి దానాన్ని, 1847లో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తెగువను బతికించిన జాతి మనది. ఆ పాట గొంతు ఎందుకు సన్నబడింది?

ఇది రాజకీయ ప్రశ్న. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్లతోపాటు చదువు గురించి కూడా రాశారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెడతామన్నారు. 1954లో తిరుపతికి విశ్వవిద్యాలయం వచ్చిన మాట నిజం. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం వచ్చింది 1981లో, అంటే 44 ఏళ్లకు. 1953లో రాజధాని అయిన కర్నూలు 1956లో దాన్ని పోగొట్టుకొంది. ఆ తర్వాత 52 ఏళ్లకు, 2008లో విశ్వవిద్యాలయం చూసింది. కడపకు 2006లో దక్కింది. ఈ మధ్యలో ఎన్ని తరాల ప్రతిభ ఇంటర్ దగ్గర ఆగిపోయిందో ఎవరు లెక్క చెబుతారు? అకాడమీలు, ప్రచురణ సంస్థలు, పత్రికల కార్యాలయాలు నిన్న హైదరాబాదులో, 2014 తర్వాత విజయవాడ చుట్టూ. మనకు సన్మానపత్రాలు. బోర్డు కట్టిన సంస్థలకు కూడా అధ్యాపకులు, పుస్తకాలు, నిధులు ఇవ్వకపోతే అవి ఉత్త గోడలే.

రాష్ట్రం వస్తే అన్నీ వాటంతటవే వస్తాయని మాత్రం మేము చెప్పం. తెలంగాణ 2014లో వచ్చింది. దానికి ఏళ్ల ముందే ధూంధాం వేదికల మీద పాట వచ్చింది. పాట ముందు నడిచింది, జెండా వెనక నడిచింది. మన ఉద్యమం నీటి లెక్కలు చెప్పగలదు. ఆ లెక్కను గుండెకు తాకేట్టు చెప్పే పాటలు, నాటకాలు ఇంకా చాలా కావాలి.

అందుకే కొన్ని పనులు ఇప్పుడే మొదలుపెడదాం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మన దగ్గర వసూలవుతోంది. మీ పంచాయతీ, మీ మున్సిపాలిటీ ఎంత వసూలు చేసింది, గ్రంథాలయ సంస్థకు ఎంత కట్టింది అని సమాచార హక్కు కింద అడగండి. ఉద్యోగులారా, పదిమంది కలిసి ఏడాదికి ఒక సీమ పుస్తకాన్ని అచ్చువేయించండి. ఊళ్లో పాత పాటలు తెలిసిన అవ్వ, తాత ఉంటే వాళ్ల గొంతును ఈ వారమే రికార్డు చేయండి, వచ్చే ఏడు అనుకోవద్దు. విద్యార్థులారా, హాస్టల్ గోడ మీద పత్రిక పెట్టండి. మీ అవ్వ మాట్లాడే మాటల్లోనే రాయండి. ఆ మాట మోటు అన్నవాడికి వేమన్నను చూపించండి. రాసినది మాకు పంపండి, బాగుంటే వేస్తాం, బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో రాసి పంపుతాం.

కృష్ణలో మన వాటా, పెన్నలో మన వాటా అడుగుతున్నాం. మాటలో మన వాటా కూడా అడగాలి. రాష్ట్రం సాధించేనాటికి దాని కథ చెప్పే బిడ్డలు మనకు సిద్ధంగా ఉండాలి.